ఏడాదికోసారి వెళ్ళొస్తే గ్రీన్ కార్డు నిలుస్తుందా?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్ళు. అమెరికా పౌరుడైన మా అన్నయ్య ద్వారా గ్రీన్ కార్డు వచ్చింది. మోకాలి ఆపరేషన్ కోసం విజయవాడ వచ్చి పది నెలలైంది. ఏడాది నిండకముందే ఒకసారి వెళ్ళొస్తే చాలంటున్నారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. ఏడాది లోపైతే ఆ కార్డు చూపించి విమానం ఎక్కవచ్చు, అంతవరకే. గ్రీన్ కార్డు అక్కడ స్థిరంగా కాపురం ఉండేవారికిచ్చే హోదా. కాపురమంతా ఇక్కడే అని తేలితే ఏటా వెళ్ళొచ్చినా దాన్ని వదులుకున్నట్టే లెక్కగట్టవచ్చు.

180 రోజులు దాటాయి కాబట్టి ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు గట్టిగానే ఉంటాయి. మన పెద్దవాళ్ళు చాలామంది ఆ ప్రశ్నల దగ్గరే దొరికిపోతారు: ‘ఎందుకొచ్చారు?’ అంటే ‘మా అబ్బాయిని చూసిపోదామని’ అంటారు. అది విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళ జవాబు. ఆవిడ ఉండేది నిజంగా అక్కడే అయితే ఆ మాటే చెప్పాలి. డిశ్చార్జి సమ్మరీ, తేదీలున్న ఫిజియోథెరపీ కాగితాలు, అక్కడి స్టేట్ ఐడీ, బ్యాంకు స్టేట్‌మెంట్, టాక్స్ రిటర్నులు చేతి సంచిలో ఉంచండి. రిటర్ను నాన్ రెసిడెంటుగా వేసి ఉంటే అదే ఆవిడకు ఎదురు సాక్ష్యం. ఇక్కడి పెన్షన్, అద్దెలు కూడా అందులో చూపాలి.

ఐ-407 ఫారం ముందు పెడితే కంగారుపడి సంతకం చేయకూడదు. అది హోదాను స్వచ్ఛందంగా వదులుకునే కాగితం. ఇమిగ్రేషన్ జడ్జి ముందు విచారణ కోరవచ్చు.

మళ్ళీ ఎక్కువకాలం ఇక్కడ ఉండాల్సి వస్తే, అక్కడ ఉండగానే ఐ-131 ఫారంతో రీఎంట్రీ పర్మిట్‌కు (తిరిగి ప్రవేశించేందుకు ముందే తీసుకునే అనుమతి పత్రం) దరఖాస్తు చేయాలి. విజయవాడ నుంచి కుదరదు. సాధారణంగా రెండేళ్ళకిస్తారు. అయితే సిటిజన్‌షిప్‌కు కావలసిన నిరంతర నివాసాన్ని అది కాపాడదు.

ఏడాది దాటిపోతే, తిరిగి వెళ్ళే గ్రీన్ కార్డుదారులకిచ్చే ఎస్‌బీ-1 వీసా అడగాలి. తన చేతిలో లేని కారణంతో ఆగిపోయినట్టు రుజువు చేయాలి. ముందే తేదీ అనుకుని చేయించుకున్న ఆపరేషన్ ఒక్కటే చూపిస్తే బలం చాలదు. తర్వాత ఇన్‌ఫెక్షన్ వచ్చి డాక్టరు ప్రయాణం వద్దని రాసి ఉంటే వేరు. మీకింకా రెండు నెలలుంది, అక్కడిదాకా రానివ్వకండి.

అక్కడ ఉండటం ఆవిడకే ఇష్టం లేకపోతే ఐ-407 తానే పోస్టులో పంపి, విజిటర్ వీసాకు ప్రయత్నించవచ్చు. వీసా వస్తుందన్న హామీ మాత్రం లేదు.