ఇంట్లో పెంచిన కోరల్స్ అమ్మాలంటే ముందు డబ్బా లెక్క చూడండి

అమెరికాలో కాస్త కుదురుకుని ఉప్పునీటి ట్యాంక్ పెట్టినవాళ్ళు ఏడాది తిరిగేసరికి ఒకటే అడుగుతారు. కోరల్ (బతికున్న పగడం) తెగ పెరిగిపోయింది, ముక్కలు కోసి అమ్మితే కనీసం ఉప్పు ఖర్చయినా వస్తుందా అని. వస్తుంది. కాకపోతే అందరూ ముక్కకి ఎంత రేటు పెట్టాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటారు, నేనైతే ఆ ముక్క వెళ్ళే డబ్బా ఖర్చు నుంచి మొదలుపెట్టమంటాను. (ఈ ముక్కల్ని ఇక్కడ ఫ్రాగ్ అంటారు. ఫ్రాగులు అమ్ముతున్నానని ఫోన్లో చెబితే, కప్పలమ్ముకునే గతి పట్టిందా నీకు అని మా అమ్మ కంగారుపడింది.)

అన్నిటికంటే ముందు వీసా సంగతి. హెచ్-1బి మీద ఉంటే మీకు పిటిషన్ వేసిన కంపెనీలో పనిచేయడానికే అనుమతి, సొంత వ్యాపారానికి కాదు. ఎఫ్-1 (చదువు వీసా) వాళ్ళూ, ఈఏడీ (పని అనుమతి కార్డు) లేని హెచ్-4 (హెచ్-1బి వాళ్ళ కుటుంబసభ్యుల వీసా) వాళ్ళూ అసలు దీని జోలికి పోవద్దు. తోటి హాబీవాళ్ళతో ముక్కకి ముక్క మార్చుకోవడం వేరు, వారం వారం డబ్బాలు పంపి డబ్బు తీసుకోవడం వేరు. అనుమానం ఉంటే లాయర్‌ని అడగండి, నన్ను కాదు. పని అనుమతి ఉన్నవాళ్ళు వచ్చిన డబ్బుని ట్యాక్స్‌లో చూపించాల్సిందే, ఎవరూ ఫారం పంపకపోయినా సరే.

ఇక డబ్బా. కోరల్ మర్నాటికల్లా చేరాలి కాబట్టి ఓవర్‌నైట్ తప్ప దారి లేదు. ఫెడెక్స్, యూపీఎస్ రెండూ అసలు బరువొక్కటే చూడవు, డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో గుణించి 139తో భాగించి, వచ్చినదాన్ని పై అంకెకి సవరించి, ఆ లెక్కా అసలు తూకమూ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి ఛార్జి వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 12 అంగుళాలున్న డబ్బా అయితే 1728ని 139తో భాగిస్తే 12.4, అంటే 13 పౌండ్లు, లోపల రెండు పౌండ్ల నీళ్ళే ఉన్నా సరే. 10 అంగుళాలదైతే 8 పౌండ్లు, 8 అంగుళాలదైతే 4. కొలత బయటి అట్టపెట్టెది, లోపలి థర్మోకోల్‌ది కాదు, నేను మొదట్లో ఇక్కడే దెబ్బతిన్నాను. దీనిమీద ఇంధనం సర్‌ఛార్జి, ఇంటికి డెలివరీ చేసినందుకు ఇంకో ఛార్జి. కౌంటర్ దగ్గరికెళ్ళి అప్పటికప్పుడు కడితే రేటు చూసి కళ్ళు తిరుగుతాయి, ఎకౌంట్ తెరిచి ఆన్‌లైన్లో లేబుల్ (ఛార్జి కట్టి డబ్బా మీద అంటించే చీటీ) తీసుకుంటే చాలా తగ్గుతుంది.

ఉదాహరణకి లేబుల్ 45 డాలర్లు, థర్మోకోల్ పెట్టె, సంచులు, హీట్ ప్యాక్ కలిపి 8 అనుకుందాం. 20 డాలర్ల ముక్క ఒక్కటే కొన్నవాడికి 73 పడుతుంది, అసలు కంటే కొసరెక్కువ అంటే ఇదే. అదే డబ్బాలో ఆరు ముక్కలు కొంటే మొత్తం 173, అంటే ముక్కకి దాదాపు 29. అందుకే ఒక్క ముక్క ఆర్డర్లు తీసుకోకండి, కనీసం ఇంత కొంటేనే పంపుతానని ముందే చెప్పేయండి. షిప్పింగ్ ఫ్రీ అని కొందరు పెడతారు, ఆ డబ్బు ముక్క రేటులోనే దాగి ఉంటుంది, ఫ్రీగా ఎవరూ ఇవ్వరు.

రేటు సంగతికొస్తే, కోరల్ రకాల్లో టార్చ్, హామర్ లాంటివి తలకి ఇంత అని, జోవాంథిడ్‌లు పాలిప్‌కి (గుంపులో ఒక్కో చిన్న జీవికి) ఇంత అని, ఆక్రోపోరా అంగుళాల లెక్కన అమ్ముతారు. మీరు కొన్న ధరని పట్టుకుని వేలాడకండి. మీది అమ్మకానికి వచ్చేంత పెరిగేలోపు అదే రకం పదిమంది ట్యాంకుల్లో పెరిగి ఉంటుంది, రేటు పడిపోతుంది. అడిగే ధరలు కాదు, నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. గ్రీన్ స్టార్ పాలిప్, జీనియా కలుపుమొక్కల్లా పెరుగుతాయి, వాటిని అమ్మకుండా కొసరుగా వేసేయండి, కొన్నవాడు మళ్ళీ వస్తాడు. కోసిన వెంటనే మాత్రం పంపకండి, గాయం మాని ప్లగ్‌కి (ముక్కని అంటించే చిన్న దిమ్మకి) పట్టుకునేదాకా రెండు మూడు వారాలు ఆగాలి. జోవాంథిడ్‌లు కోసేటప్పుడు గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి, కొన్నింటిలో పాలీటాక్సిన్ ఉంటుంది, అది ఆటలాడే విషం కాదు.

చచ్చిపోతే ఎవరి నష్టం? మీదే. ఒక జనవరిలో గురువారం పంపిన డబ్బా మంచు తుఫానులో ఇరుక్కుని శనివారం కూడా చేరలేదు, సోమవారం తెరిస్తే అంతా కంపు. ప్రాణమున్న సరుక్కి నష్టపరిహారం రాదన్నారు కొరియర్‌వాళ్ళు. ఇంకో డబ్బా నా డబ్బుతో పంపాను, అంటే అమ్మింది ఒకసారి, పంపింది రెండుసార్లు. అప్పట్నుంచి సోమవారం నుంచి బుధవారం దాకానే పంపుతాను, గుమ్మం ముందు ఎండకో చలికో వదిలేయకుండా కొరియర్ సెంటర్లోనే ఉంచమని, కొన్నవాళ్ళే వెళ్ళి తెచ్చుకోమని చెబుతాను. హీట్ ప్యాక్ గాలి ఆడితేనే వేడెక్కుతుంది, సంచికి ఆనించకుండా మూత లోపలివైపు అంటించాలి. చనిపోతే రెండు గంటల్లోపు, సంచి విప్పకముందే ఫోటో పంపాలన్నది నా షరతు. ఈ నష్టాల కోసం ప్రతి ముక్క మీదా కాస్త వేసుకోండి, మొహమాటపడొద్దు.

కెనడాలో ఉన్న ఫ్రెండ్ అడిగాడని ఒక డబ్బా పంపేద్దాం అనుకునేరు. రాతి పగడాలన్నీ (టార్చ్, హామర్, ఆక్రోపోరా లాంటివి) సైటీస్ అనే, అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, ఇంట్లో పెంచినవైనా దేశం దాటాలంటే పర్మిట్లు కావాలి. ఇండియాకైతే ఆలోచన కూడా వద్దు, అక్కడ అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి.

మొదటి ఐదారు అమ్మకాలు మీ ఊళ్ళోనే చేయండి, ఏ పార్కింగ్ లాట్‌లోనో కలిసి చేతికి ఇచ్చేయండి. 20 డాలర్లది 15కే ఇచ్చినా లేబుల్ లేదు, థర్మోకోల్ లేదు, తుఫాను భయం లేదు. నా ట్యాంక్ నుంచి వెళ్ళిన ముక్కల్లో సగానికి పైగా అలా వెళ్ళినవే.