బుజ్జీ, మొదటి షాక్ కొట్టేముందు

బుజ్జీ, నీకు లిథోట్రిప్సీ గదిలో, అదే షాక్ వేవ్‌లతో కిడ్నీ రాళ్లు పగలగొట్టే గదిలో, డ్యూటీ వేశారని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో ఆ మిషన్ దగ్గర నా తర్వాత నువ్వే కదా, ఎంత సంబరపడ్డానో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

జెల్‌లో గాలి బుడగలు లేకుండా చూసుకో, షాక్‌లు నెమ్మదిగా కొట్టు. ఇవన్నీ మీ సార్లే నేర్పిస్తారు. నా భయం వేరే.

పిల్లల్ని కనే వయసు ఆడమనిషి టేబుల్ ఎక్కితే, ప్రెగ్నెన్సీ టెస్ట్ రిపోర్ట్ నీ కళ్లతో చూడకుండా బటన్ మీద చెయ్యి వెయ్యకు. "అడిగాం, లేదంది" అంటే ఒప్పుకోకు. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక ఆస్పత్రిలో అడిగి వదిలేసేవాళ్లు. కొత్తగా పెళ్లయిన పిల్ల వచ్చింది, పక్కనే అత్తగారు. డ్యూటీలో ఉన్నాయన అందరి ముందూ "నెల తప్పావా అమ్మా?" అన్నాడు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ తల అడ్డంగా ఊపింది. అంతమందిలో ఇంకేం చెబుతుంది? షాక్‌లన్నీ కొట్టేశారు. తర్వాత స్కానింగ్‌లో గర్భం బయటపడింది. అందరూ ఆ పిల్ల మీదే అరిచారు, ఓదార్చినవాళ్లు ఒక్కరూ లేరు. బిడ్డ ఏమైందో మాకు కబురే రాలేదు. అందుకే చెబుతున్నా, అత్తగారిని బయట కూర్చోబెట్టి ఒంటరిగా అడుగు, ఏం చెప్పినా టెస్ట్ చేయించు.

షాక్ వేవ్ రాయి దగ్గర కేంద్రీకరిస్తుంది గానీ దారిలో ఉన్న కండను కూడా దాటుకునే వెళ్తుంది. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయినప్పుడు ద్రవంలో సన్నని బుడగలు పుట్టి చిట్లుతాయి. రాయిని పగలగొట్టడంలో వాటికీ చెయ్యి ఉంది, చిన్న రక్తనాళాలను చింపేదీ అవే. పెద్దవాళ్లకే ఆ తర్వాత మూత్రం ఎర్రగా వస్తుంది, ఇంక అప్పుడప్పుడే అవయవాలు ఏర్పడుతున్న పిండం సంగతి ఏం చెప్పాలి? రాయి యురేటర్ (కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టం) కింది భాగంలో ఉంటే గర్భసంచి పక్కనే. పైగా రాయిని చూడటానికి ఎక్స్‌రే ఒకటి. తెలియక చేయించుకున్న కొందరికి పిల్లలు బాగానే పుట్టారని రాసినవాళ్లున్నారు, కానీ వేళ్లమీద లెక్కపెట్టే ఆ కేసులు చూసి ధైర్యం చెయ్యకు. 1980లో మ్యూనిక్‌లో మొదలైన ఈ వైద్యం ఎందరికో మేలు చేసినా, గర్భిణికి మాత్రం నేటికీ చెయ్యకూడదు.

వాళ్లకు దారి లేకపోలేదు. చాలా రాళ్లు నీళ్లతో, పారాసెటమాల్‌తో గడుపుతుంటే వాటంతటవే పడిపోతాయి. లేదంటే డాక్టర్లు మూత్రం దిగేలా స్టెంట్ అనే సన్నని గొట్టం వేస్తారు, లేదా లోపలికి సన్నని కెమెరా గొట్టం పంపి రాయి తీసే యురెటెరోస్కోపీ చేస్తారు. "మరి కడుపు స్కానింగ్ కూడా ఇలాంటి శబ్ద తరంగాలే కదమ్మా" అని బెంగపడి అడుగుతారు. విసుక్కోకుండా చెప్పు, దాని ఒత్తిడి ఈ షాక్ ముందు చాలా తక్కువ అని.

ఇంకొకటి, రేపు నువ్వే నీళ్లు పోసుకుంటే ఎవరికి చెప్పినా చెప్పకపోయినా ముందు మీ మేడమ్‌కి చెప్పు. షాక్ గాలిలోంచి నిన్ను చేరదు గానీ రాయిని చూపించే సీఆర్మ్ మిషన్ ఎక్స్‌రే చేరుతుంది. సిగ్గుపడి ఆ గదిలో నిలబడ్డావో, నేనే వచ్చి బయటికి లాక్కొస్తా.

మీ పెద్దమ్మ