సెర్చ్ బాక్సులో పాత ఫలితాలు వచ్చి కూర్చుంటున్నాయి, ఎందుకు?

మీ ఆండ్రాయిడ్ యాప్‌లో "మామిడి" అని టైప్ చేశాక కూడా ఒక్కోసారి "మా" ఫలితాలే మిగులుతున్నాయన్నారు. సర్వర్ తప్పేం లేదు. టైప్ చేసే కొద్దీ ఒక్కో రిక్వెస్ట్ వెళ్తోంది, కానీ వెళ్లిన వరసలోనే జవాబులు రావాలని రూలేమీ లేదు. "మా" జవాబు ఆలస్యంగా వచ్చి, సరైన లిస్టును తుడిచేస్తోంది.

కోట్లిన్‌లో (ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే భాష) అయితే టెక్స్ట్‌ను ఫ్లోగా (ఒకదాని తర్వాత ఒకటి వచ్చే విలువల వరసగా) తీసుకుని, 300 మిల్లీసెకన్ల డీబౌన్స్ (టైపింగ్ అంతసేపు ఆగాకే పదాన్ని ముందుకు పంపడం) పెట్టి, దాని తర్వాత మ్యాప్‌లేటెస్ట్ వాడండి. అసలు మందు ఈ మ్యాప్‌లేటెస్టే. కొత్త పదం రాగానే పాత కొరూటీన్‌ను (వెనకాల నడుస్తున్న పాత పనిని) అదే రద్దు చేస్తుంది. సర్వర్‌ను పిలవడానికి రెట్రోఫిట్ లైబ్రరీ సస్పెండ్ ఫంక్షన్ (కొరూటీన్‌లో ఆగి జవాబు కోసం చూసే ఫంక్షన్) వాడుతుంటే లోపలి నెట్‌వర్క్ కాల్ కూడా ఆగిపోతుంది. డీబౌన్స్ ఒక్కటే పెడితే సమస్య అరుదవుతుంది తప్ప పోదు.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది: ట్రై-క్యాచ్‌లో అన్ని ఎక్సెప్షన్లనూ (ఎర్రర్లనూ) పట్టేస్తే, పని రద్దైందని చెప్పే క్యాన్సిలేషన్ ఎక్సెప్షన్ కూడా అందులోనే చిక్కుతుంది. అప్పుడు వేగంగా టైప్ చేసినప్పుడల్లా "ఏదో తప్పు జరిగింది" అని యూజర్‌కు కనిపిస్తుంది. క్యాన్సిలేషన్ ఎక్సెప్షన్‌ను పట్టుకుంటే మళ్లీ త్రో చేయండి.

మీ యాప్ హోమ్ స్క్రీన్ సర్వర్‌కు పంపే మూడు కాల్స్ సంగతి వేరు. అవన్నీ కావాలి కాబట్టి అసింక్‌తో (పనిని మొదలుపెట్టి, ఫలితాన్ని తర్వాత అవైట్‌తో తీసుకునే పద్ధతి) ఒకేసారి పంపండి. ఒకటి ఫెయిలైనా మిగతావి బతకాలంటే వాటిని సూపర్‌వైజర్‌స్కోప్ అనే బ్లాకులో పెట్టి, ప్రతి అవైట్‌కూ విడిగా ట్రై పెట్టండి. మామూలు కొరూటీన్‌స్కోప్‌లో ఒకటి పడితే అన్నీ పడతాయి.

వందల ఫోటోలు ఒకేసారి అడిగినా భయం లేదు. రెట్రోఫిట్ కింద పనిచేసే నెట్‌వర్క్ లైబ్రరీ ఓకేహెచ్‌టీటీపీ డిఫాల్ట్‌గా ఒక హోస్ట్‌కు (సర్వర్ చిరునామాకు) ఒకేసారి 5 అసింక్రనస్ కాల్సే నడుపుతుంది, మిగతావి క్యూలో ఉంటాయి.