కుష్ఠు కాలనీకి వెళ్లే ముందు

బిడ్డా,

ప్రభువు నామంలో నీకు, పిల్లలకు శుభాలు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం వాళ్లతో కుష్ఠు కాలనీకి వెళ్తున్నానని, అక్కడ ఏం మాట్లాడాలో తెలియక టెన్షన్‌గా ఉందని ఫోన్‌లో అన్నావు. ముప్పై ఏళ్లు వాళ్ల పుండ్లు కడిగి కట్లు కట్టిన నర్సుని కదా, నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు భయం తీసేసుకో. మందులు మొదలుపెట్టిన కొద్ది రోజులకే అంటించే గుణం పోతుంది. రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే జబ్బే నయమవుతుంది. కాలనీలో నువ్వు చూసే పెద్దవాళ్లకు అది ఎప్పుడో తగ్గిపోయింది, వంకర తిరిగిన వేళ్లు, మొద్దుబారిన పాదాలే మిగిలాయి. దూరం నుంచి దండం పెట్టి వచ్చేయకు. చెయ్యి పట్టుకో. యేసు ప్రభువు కుష్ఠరోగిని ఒక్క మాటతో బాగుచేయగలడు, అయినా చెయ్యి చాపి ముట్టుకున్నాడు.

ఇంకోటి, స్టీలు గ్లాసులో పొగలు కక్కే టీ వాళ్ల చేతికివ్వకు. వేళ్లకు వేడి తెలియదు. గ్లాసు పట్టుకుని నవ్వుతూ మాట్లాడుతూనే ఉంటారు, తర్వాత చూస్తే బొబ్బలు. ఆ బొబ్బ పుండై వేలు పోయినవాళ్లను చూశాను. చల్లార్చి ఇవ్వు.

ఇక మాటల సంగతి. బైబిల్లో యోబు ఆస్తి, పిల్లలు పోగొట్టుకుని ఒళ్లంతా పుండ్లతో బాధపడుతుంటే, అతని స్నేహితులు ఏడు రోజులు, ఏడు రాత్రులు పక్కన నేల మీద నోరు మెదపకుండా కూర్చున్నారు. అంతవరకూ మంచి స్నేహితులే. నోరు తెరిచాకే పాడుచేశారు. చివరికి దేవుడు మాట్లాడినప్పుడు కూడా ఈ బాధ ఎందుకొచ్చిందో చెప్పలేదు. వానను, మంచును, కొండమేకలు ఈనే కాలాన్ని, గద్ద గూటిని చూపించాడు. అలా చూపించడం ఆయనకు చెల్లింది. అడవి పువ్వుల్ని చూసి దిగులు మానండని మనం చెబితే పుండు మీద కారం చల్లినట్టే.

ఆ తప్పు నేను చేశాను. ఉద్యోగం కొత్తలో ఒక ముసలమ్మ మంచం పక్కన నిలబడి, కిటికీ అవతలి మోదుగ చెట్టు చూపించి, దేవుడు ఎంత అందంగా పూయించాడో చూడమ్మా అన్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి కదా అనుకున్నా. "నాకు చూపు పోయి నాలుగేళ్లయింది బిడ్డా" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు ఒక కొమ్మ విరిచి తెచ్చిచ్చాను. మోదుగ పువ్వుకు వాసన లేదు, ఆమె వేళ్లకు స్పర్శ లేదు. రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని చెంపకు ఆనించుకుంది. మఖ్మల్ లాంటి ఆ రేకను అటూ ఇటూ రాసుకుంటూ, చిన్నప్పుడు హోలీకి దీంతోనే రంగు కాచేవాళ్లమని మొదలుపెట్టి తన ఊరు, తమ్ముళ్లు, తనను ఇంట్లోంచి పంపేసిన రోజు, అన్నీ చెప్పింది. నేను ఒక్క బైబిలు వాక్యం కూడా చదవలేదు.

అక్కడ ఎవరు మన సంఘం, ఎవరు కాదు అని చూడకు. మన డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు ఆసుపత్రి పెట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ మిషనరీ, దానికి విరాళమిచ్చిన నర్సాగౌడ్ గారు హిందువు. "ప్రార్థన చేయమంటావా పెద్దమ్మా" అని అడుగు. వద్దంటే కూర్చో, చాలు.

ఇప్పుడు మోదుగలు విరగబూశాయి, ఎక్కువ రోజులుండవు. దారిలో నాలుగు కొమ్మలు తీసుకెళ్లు. వచ్చాక ఫోన్ చేసి, ఎవరి పక్కన కూర్చున్నావో చెప్పు.

నీ పెద్దమ్మ