కొత్త చైన్ వేసినా గేర్ జారుతుంటే

మీ సైకిల్‌కు కొత్త చైన్ వేశాక కూడా గట్టిగా తొక్కితే చిన్న పళ్లచక్రాల మీద జారుతోందని, చిన్న చక్రానికి మార్చినప్పుడు గేర్ ఆలస్యంగా పడుతోందని రాశారు. ఇవి రెండూ వేర్వేరు సమస్యలండీ. డిరైలర్ (చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) కొనడానికి అప్పుడే తొందరపడకండి.

జారడానికి కారణం దాదాపుగా అరిగిన క్యాసెటే, అంటే వెనక చక్రానికుండే పళ్లచక్రాల గుత్తి. పాత చైన్ సాగే కొద్దీ పళ్లు దానికి తగ్గట్టే అరుగుతాయి, కొత్త చైన్ వాటిలో సరిగ్గా కూర్చోదు. మీరు ఎక్కువగా వాడే చక్రాన్ని శుభ్రంగా తుడిచి, వెలుతురులో పక్క చక్రంతో పోల్చి చూడండి. పళ్ల మధ్య గుంట ఒకవైపు సాగి, పన్ను కొక్కెంలా కనిపిస్తే క్యాసెట్ మార్చాల్సిందే. డిరైలర్ స్క్రూలు ఎంత తిప్పినా లాభం ఉండదు.

ఆలస్యం సంగతి వేరు. మామూలు డిరైలర్‌లో చైన్‌ను చిన్న చక్రం వైపు లాగేది స్ప్రింగ్. గేర్ కేబుల్ కేసింగ్‌లో (లోపలి వైరును కప్పి ఉంచే గొట్టంలో) తుప్పు, మట్టి పేరుకుంటే ఆ బలం చాలదు. డిరైలర్‌లోకి వంపు తిరిగి వెళ్లే చివరి ముక్కలోకే నీళ్లు, మట్టి ఎక్కువగా చేరతాయి, ముందు అది చూడండి. లోపలి వైరు, కేసింగ్ రెండూ కలిపే మార్చండి, వైరు ఒక్కటే మార్చడం డబ్బు దండగ. కేసింగ్ కొసను నిటారుగా కోసి, నలిగిన రంధ్రాన్ని సూదితో తెరవండి.

ఇకనుంచి చైన్‌ను స్కేలుతో కొలుస్తూ ఉండండి. 12 పూర్తి లింకులు (ఒక లోపలి జత, ఒక బయటి జత కలిస్తే ఒక పూర్తి లింకు) సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో 16వ వంతు పెరగగానే మార్చేస్తే క్యాసెట్ చాలాకాలం నిలుస్తుంది.