ఆ పొట్టనొప్పి గురించి

అమ్మడూ,

నిన్న ఫోన్‌లో చిన్నోడి సంగతి చెబుతూ, మీ అత్తగారు గదిలోకి రాగానే మాట మార్చేశావు. అందుకే రాస్తున్నాను.

రోజూ పొద్దున స్కూలు బస్సు వేళకు పొట్టనొప్పి. స్కానింగులో ఏమీ లేదు, ఆదివారం నొప్పి రాదు. దాంతో ఇంట్లో అందరూ దొంగవేషాలని తేల్చేశారు. కాదమ్మా, వాడికి నిజంగానే నొప్పి పుడుతుంది. పిల్లల్లో దిగులు, భయం ఇలా పొట్టలోనో తలలోనో బయటపడతాయి. తొమ్మిదేళ్లవాడికి "దిగులుగా ఉంది" అనడం రాదు, "కడుపునొప్పి" అనడం వచ్చు.

తాతయ్య పోయి మూడు నెలలు. వాడు రోజూ పడుకున్నది ఆయన పక్కనే. నాలుగేళ్లకే మానేసినవాడు మళ్ళీ పక్క తడుపుతున్నాడంటే నాకు మనసు ఆగలేదు. తిట్టకండి. ముందు పిల్లల డాక్టరుకు చెప్పి యూరిన్ టెస్ట్ చేయించు. ఇన్ఫెక్షన్, షుగర్ లేవని తేలాలి.

థెరపీ దాకా వెళ్లాలో లేదో ఎలా తెలుస్తుందని అడిగావు. పక్కింటి పిల్లలతో పోల్చకు. ఆర్నెల్ల కిందటి వాడితోనే వాణ్ణి పోల్చు. రెండు రోజుల అలకకు డాక్టరు అక్కర్లేదు. నిద్ర, తిండి, చదువు వారాల తరబడి దారి తప్పితే మాత్రం ఆలస్యం చేయకు. అన్నిటికంటే ఆట చూడు. వీధిలో పిల్లలు పిలుస్తున్నా వాడి బ్యాట్ తలుపు వెనకే ఉంటోందంటే అది చిన్న విషయం కాదు.

నేను టీచరుగా ఉండగా ఓ పాప అక్షరం బాగా రాలేదని చెరిపి చెరిపి కాగితం చిరిగేదాకా రబ్బరుతో రుద్దేది. నోట్‌బుక్కు పాడుచేస్తున్నావని నేనే కోప్పడ్డాను. ఇంట్లో రోజూ గొడవలని, ఆ పిల్లకు రాత్రిళ్లు నిద్రే లేదని ఏడాది చివర్లో తెలిసింది. ఆ చిరిగిన పేజీలు నాకిప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

ఓ చిన్న పుస్తకంలో రెండు వారాలు రాసిపెట్టు: నొప్పి ఎన్నింటికి వచ్చింది, దానికి ముందు ఏం జరిగింది, రాత్రి ఎలా పడుకున్నాడు. క్లాస్ టీచర్‌తోనూ మాట్లాడు, బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో. ఆ పుస్తకం పట్టుకునే సైకాలజిస్టు దగ్గరికి వెళ్లు. క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడుగు, మొహమాటపడకు. ఈ వయసు పిల్లలతో బొమ్మలు వేయిస్తారు, ఆడిస్తారు, మీ ఇద్దరితోనూ మాట్లాడతారు. వెళ్లేముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

ఒక్కటి మాత్రం రెండు వారాలు ఆగే విషయం కాదు. "నేను చచ్చిపోతే బాగుణ్ణు" అన్నా, తనను తాను గాయపరచుకున్నా, వాణ్ణి ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లు. ఎవరో ఒంటిమీద చెయ్యి వేశారని చెబితే నమ్ము, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పు.

అత్తగారు దిష్టి తీస్తానంటే తీయనీ, అది ఆవిడ ప్రేమ. "పిచ్చి డాక్టరు" అంటే మాత్రం నాతో మాట్లాడించు. వాడితో తాతయ్య కబుర్లు దాచకండి. ఆయన ఫొటో చూసి ఏడిస్తే ఏడవనీ, పక్కన కూర్చో.

శనివారం బస్సుకి వస్తున్నాను. నువ్వూ అల్లుడూ వాణ్ణి తీసుకెళ్లేటప్పుడు చంటిదాన్ని నేను చూసుకుంటాను.

నీ పెద్దమ్మ