సందేహాలు – సమాధానాలు: సామర్థ్యం వేరు, దక్షత వేరు

సందేహం: నేను ఇంజనీరింగ్ విద్యార్థులకు ఎలక్ట్రానిక్స్ బోధిస్తున్నాను. సెల్ టవర్లలో వాడే వైడ్‌బ్యాండ్ పవర్ యాంప్లిఫయర్ల (వెడల్పాటి ఫ్రీక్వెన్సీల పరిధిలో సంకేతపు బలాన్ని పెంచే పరికరాల) రూపకల్పన గురించి, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లల కోసం వ్యాసం రాస్తూ ఒకచోట ‘శక్తి విస్తారకం సామర్థ్యం’ అన్నాను. మా సహోద్యోగి దాన్ని ‘సామర్థ్య వర్ధకం దక్షత’ అని దిద్దారు. ఏది సరి? ‘పవర్ యాడెడ్ ఎఫిషియెన్సీ’ని ‘శక్తి జోడించిన సామర్థ్యం’ అనవచ్చునా? ఫ్రీక్వెన్సీని పౌనఃపున్యం అనాలా, పౌనఃపుణ్యం అనాలా?
– ఒక అధ్యాపకురాలు, అనంతపురం

సమాధానం: మీ సహోద్యోగి దిద్దుబాటే సరైనది. అయితే మీ పొరపాటుకు మూలం మన వాడుకలోనే ఉంది. శ్రీశైలం జలాశయం నీటినిల్వ సామర్థ్యం 215.81 టీఎంసీలని వార్తల్లో చదువుతాం. అక్కడ సామర్థ్యమంటే ఎంత పడుతుందన్న లెక్క. ఉద్యోగి సామర్థ్యమంటే నేర్పు. విద్యుత్కేంద్రం సామర్థ్యమంటే మెగావాట్లు. ఇన్ని బరువులు మోసే మాటను శాస్త్రవ్యాసంలో వాడాలంటే ముందుగా దాన్ని ఒక్క అర్థానికి కట్టివేయక తప్పదు. తెలుగు మాధ్యమపు భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఆ పని ఎప్పుడో చేశాయి: పని చేయడానికి కావలసినది శక్తి, దాన్ని జూళ్లలో కొలుస్తారు; పని జరిగే రేటు సామర్థ్యం, దాన్ని వాట్లలో కొలుస్తారు; పెట్టినదానిలో ఎంత పాలు పనికి వచ్చిందో చెప్పే నిష్పత్తి దక్షత, దానికి ప్రమాణం లేదు, శాతమే ఉంటుంది.

ఈ తేడా మన సీమ రైతుకు బాగా తెలుసు. బోరు మోటారు ఎంతదని అడిగితే ‘అయిదు హెచ్‌పీ’ అంటాడు. పుస్తకాల్లో దాని పేరు అశ్వసామర్థ్యం. ఒక అశ్వసామర్థ్యం 746 వాట్లు. పక్క పొలంలోని అయిదు హెచ్‌పీ మోటారును చూపి ‘అది కరెంటు తాగుతుంది’ అన్నాడంటే, అప్పుడు మాట్లాడుతున్నది సామర్థ్యం గురించి కాదు, దక్షత గురించి. మీ యాంప్లిఫయర్ సంగతీ ఇంతే. అది సరఫరా నుంచి డీసీ రూపంలో తీసుకున్న సామర్థ్యంలో కొంత భాగమే రేడియో తరంగంగా యాంటెన్నాకు చేరుతుంది. మిగిలినది వేడిగా పోతుంది. వర్ధకాల్లో (యాంప్లిఫయర్లలో) ‘ఎ’ తరగతి అనే రకానికి సిద్ధాంతరీత్యా గరిష్ఠ దక్షత 50 శాతం, ‘బి’ తరగతికి 78.5 శాతం. ఈ వాక్యాల్లో దక్షత ఉన్నచోటల్లా సామర్థ్యమని మార్చి చదవండి, అర్థం ఎలా చెదిరిపోతుందో మీకే తెలుస్తుంది.

ఇక ‘శక్తి జోడించిన సామర్థ్యం’ విషయం. ఇది మాటకు మాట పేర్చడం వల్ల వచ్చిన తప్పు. ‘జోడించిన’ అనే విశేషణం మీ అనువాదంలో చివరి మాట మీద పడింది; శక్తిని ఏదో సామర్థ్యం జోడించినట్లు అయింది. సమాసాన్ని అనువదించే ముందు విగ్రహవాక్యం, అనగా దాన్ని విడదీసి అర్థం చెప్పే వాక్యం, చెప్పుకోవాలి. ఇక్కడ జోడింపు జరిగింది సామర్థ్యానికి. ఆ జోడింపును బట్టి లెక్కించినది దక్షత. కాబట్టి ‘చేర్చిన సామర్థ్యపు దక్షత’ అనాలి. వర్ధకానికి ఒక వాటు ఇస్తే పది వాట్లు బయటికి వచ్చాయనీ, అందుకోసం అది సరఫరా నుంచి ఇరవై వాట్లు తీసుకున్నదనీ అనుకుందాం. పదిని ఇరవైతో భాగిస్తే 50 శాతం. కానీ ఆ పదిలో ఒకటి మనం లోపలికి పంపినదే. వర్ధకం తనంతట చేర్చినవి తొమ్మిదే కనుక రెండో లెక్కలో దక్షత 45 శాతం. ‘చేర్చిన’ అన్న మాట ఎవరికి చెందాలో ఈ లెక్కే చెబుతుంది.

‘విస్తారకం’ కూడా వద్దు. విస్తరించడమంటే పరచుకోవడం, మీ వ్యాసంలో పరచుకునేది పౌనఃపున్యాల పట్టె (బ్యాండ్), పెరిగేది సంకేతపు బలిమి. రెండింటికీ ఒకే ధాతువు వాడితే విద్యార్థి తికమక పడతాడు. వృద్ధి చేసేది వర్ధకం. కొందరు ‘వర్ధకి’ అని రాస్తున్నారు. అమరకోశం ప్రకారం వర్ధకి అంటే వడ్రంగి, అది గుర్తుంచుకుంటే ఆ రూపం కలం నుంచి రాదు.

బ్యాండ్‌కు ‘పట్టె’ నాకు ఇష్టమైన మాట. పట్టెమంచం, పట్టెనామం ఎరిగిన వారికి దాన్ని వివరించనక్కరలేదు. పట్టీ అంటే కాలిపట్టీ, గాయానికి కట్టే పట్టీ గుర్తుకు వస్తాయి. ఆకాశవాణి కడప కేంద్రాన్ని 900 కిలోహెర్ట్జ్ మీద విన్న తరానికి పట్టె అంటే ఆ అంకెకు అటూ ఇటూ నాలుగైదు కిలోహెర్ట్జ్ మాత్రమే. 2022లో మన దేశంలో వేలానికి పెట్టిన 5జీ మధ్యపట్టె ఒక్కటే 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ వరకు ఉంది. ఇంత వెడల్పులో దక్షత నిలుపుకోవడమే అసలు చిక్కు. 1936లో అమెరికన్ ఇంజనీరు డోహర్టీ రూపొందించిన వర్ధకంలో సంకేతాన్ని మోసే లైను ఒకటి పావు తరంగదైర్ఘ్యపు పొడవున ఉంటుంది. ఆ పావు ఒక పౌనఃపున్యానికి సరిగ్గా కుదిరితే పక్కవాటికి కుదరదు కనుక, పట్టె నడిమి నుంచి దూరం జరిగేకొద్దీ దక్షత పడిపోతుంది.

ఈ చిక్కు తెలిస్తే వ్యాసం పేరు ఎలా పెట్టాలో కూడా తెలుస్తుంది. ‘దక్ష విశాలపట్టె సామర్థ్య వర్ధకం’ అని నాలుగు మాటలు గొలుసు కడితే దక్షమైనది పట్టెయా, వర్ధకమా అన్నది తేలదు; పైగా దక్షత పట్టె పొడవునా ఉండాలన్న ముఖ్యాంశం జారిపోతుంది. ‘వెడల్పాటి పట్టె అంతటా దక్షత తగ్గకుండా పనిచేసే పవర్ యాంప్లిఫయర్’ అనండి. పొడవైనా తెలుగు వాక్యపు నడక ఇది. ఇందులో యాంప్లిఫయర్‌ను అలాగే ఉంచడం నాకు తప్పుగా తోచదు. మైకుసెట్టుతో పాటు ఊరూరా తిరిగిన మాట అది. శక్తి, సామర్థ్యం వంటి కొలిచే రాశుల పేర్లు తెలుగులో స్థిరంగా ఉండాలి, పరికరం పేరు ఏ భాషదైనా నడుస్తుంది.

చివరిది: పౌనఃపున్యమే సరి. ‘పునః పునః’ అనగా మళ్లీ మళ్లీ. దానికి భావార్థక ప్రత్యయం చేరి ఆదివృద్ధి వచ్చింది, అనగా మొదటి ‘పు’ ‘పౌ’ అయింది. వ్యాకరణంలో క్రియ పదేపదే జరగడాన్ని చెప్పడానికి ఎప్పటినుంచో ఉన్న మాటను భౌతికశాస్త్రం తీసుకున్నది. పుణ్యానికీ దీనికీ చుట్టరికం లేదు. ‘పునర్’లోని రేఫ నకారానికి తర్వాత ఉన్నదే గాని ముందు లేదు కనుక ణత్వానికి, అనగా ‘న’ ‘ణ’గా మారడానికి, అవకాశమే లేదు. తరగతిలో పిల్లలు ‘పౌనపున్యం’ అని పలికినా, రాసేటప్పుడు విసర్గను వదలనివ్వకండి.